కాశీ: పడవలోంచి మొదలుపెట్టవలసిన నగరం

కాశీ వెళ్ళివచ్చిన తెలుగు కుటుంబాన్ని అక్కడ ఏం చూశారని అడిగితే విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, సాయంత్రం గంగా హారతి అని చెప్పి, వెంటనే గయకో ప్రయాగకో వెళ్ళిన సంగతిలోకి దిగుతారు. తరతరాలుగా మనవాళ్ళు అంత దూరం ప్రయాణం చేసింది ఆ దర్శనాల కోసమే కనుక అందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. కానీ ఈ పేర్లన్నిటినీ ఒకటిన్నర రోజులో ఇరికించి, ఆటో దిగిన చోటి నుంచి క్యూ దాకా, క్యూ నుంచి మళ్ళీ ఆటో దాకా పరుగు పెట్టించే యాత్రా ప్యాకేజీల వల్ల, వేల ఏళ్ళుగా ఎడతెగకుండా జనం నివసిస్తున్న ఈ నగరాన్ని చూడకుండానే చాలామంది తిరిగివస్తున్నారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. కాశీలో మొదటి దర్శనం గంగదే కావాలి. అది కూడా సూర్యోదయానికి ముందు, తెడ్లు వేసే పడవలో జరగాలి. ఆ ఒక్క ఉదయాన్ని కార్యక్రమంలో ఉంచుకున్నవారికి మిగతా ఊరంతా దానంతట అదే అర్థమవుతుంది.

అలా ఎందుకు అంటున్నానంటే, ఈ ఊరి కట్టుబడి అంతా నది వంపును బట్టే ఏర్పడింది. తూర్పుకు సాగే గంగ ఇక్కడ విల్లులా వంగి ఉత్తరానికి తిరుగుతుంది. ఆ వంపుకు వెలుపలి వైపున్న పడమటి ఒడ్డు ఎత్తయిన గట్టు కనుక, దక్షిణాన అసి అనే చిన్న నది కలిసే చోటి నుంచి ఉత్తరాన వరుణ కలిసే చోటి దాకా నగరమంతా ఆ ఒక్క ఒడ్డునే పేరుకుంది. ఎదుటి తూర్పు ఒడ్డు మాత్రం వానాకాలంలో మునిగిపోయే ఇసుక మేట కాబట్టి, రామ్‌నగర్ వైపు తప్ప, అక్కడ ఇల్లూ వాకిలీ లేవు. అంత ప్రాచీన నగరానికి ఎదురుగా అంత ఖాళీ ఉండడం వల్లనే పొద్దు పొడవగానే తొలి ఎండ అడ్డేమీ లేకుండా నదిని దాటి వచ్చి మెట్ల మీద, వాటి వెనుక నిలువెత్తున లేచిన చునార్ ఇసుకరాతి గోడల మీద పడుతుంది. గల్లీల్లో నడిచేవారికి ఊరు ముక్కలుముక్కలుగానే కనిపిస్తుంది. పడవలో కూర్చున్నవారికి మాత్రం సుమారు 84 ఘాట్లూ ఒకే వరుసగా చదువుకోవడానికి వీలుగా ఎదురుగా నిలబడతాయి.

పడవ అస్సీ ఘాట్‌లో ఎక్కి, వాలున ఉత్తరానికి పంచగంగ ఘాట్ దాకా వెళ్ళి అక్కడ దిగిపోవడం నాకు నచ్చిన పద్ధతి. ప్రవాహం తోడుంటుంది కనుక నడిపేవారికి శ్రమ తక్కువ, మనకు చూసే వ్యవధి ఎక్కువ. దిగిన తరువాత మెట్ల వెంట నడుచుకుంటూ వెనక్కి వస్తే, నీటి మీద నుంచి చూసినవాటినే మళ్ళీ దగ్గరగా చూడవచ్చు. మర పడవలు వేగంగా తిప్పి తెస్తాయి, బాడుగ కూడా మనిషికి తక్కువ పడుతుంది. కానీ ఇంజన్ చప్పుడులో నడిపేవారి మాట వినబడదు, నిలవమన్న చోట అవి నిలవవు. ఎంతమందికి, ఎంతసేపటికి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్న మూడు విషయాలూ ఎక్కకముందే తేల్చుకోవాలి. గట్టు మీద మధ్యవర్తులతో కాకుండా నేరుగా పడవ మనిషితోనే మాట్లాడుకుంటే ధరలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైగా ఆ డబ్బు తెడ్డు పట్టినవారి చేతికే చేరుతుంది.

అస్సీ దాటగానే వచ్చేది తులసీదాసు పేరు మోస్తున్న తులసీ ఘాట్. మరికొంత దూరంలో చేత్‌సింగ్ కోట గోడలు నేరుగా నీళ్ళ అంచు నుంచే లేస్తాయి. 1781లో బ్రిటిష్ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ మనుషులు నిర్బంధించినప్పుడు కాశీ రాజా చేత్‌సింగ్ తప్పించుకుని నది దాటి పోయింది ఈ కోట నుంచే. గోడ ఎత్తు చూశాకగానీ ఆ సాహసం ఎంతటిదో తెలియదు. తరువాత హరిశ్చంద్ర ఘాట్. పద్యనాటకాల్లో కాటి సీను వింటూ పెరిగిన తెలుగువారిని ఇక్కడ పడవ ఆపమని ఎవరూ అడగనక్కరలేదు, వారంతట వారే మౌనంగా అయిపోతారు. ఆ పక్కన విజయనగరం సంస్థానాధీశుల పేరు మీదున్న ఘాట్, దాన్ని ఆనుకుని ఎరుపు తెలుపు చారల మెట్లతో కేదార్ ఘాట్ కనిపిస్తాయి. కేదారేశ్వరుడి ఆలయం చుట్టుపక్కల దక్షిణాదివారు తరతరాలుగా స్థిరపడ్డారు. విశ్వనాథుడి సన్నిధిలో క్షణం కూడా నిలవనీయలేదని బాధపడేవారు ఇక్కడికి రావాలి. గంగలో మునిగి, ఆ మెట్లే ఎక్కి లోపలికి వెళ్ళి, తొందర పెట్టేవారు లేకుండా కూర్చోవచ్చు.

దశాశ్వమేధ ఘాట్ పక్కనే ఉన్న మాన్‌మందిర్‌ను పడవలోంచి చూసి వదిలేయకూడదు. అంబర్ రాజు మాన్‌సింగ్ సుమారు 1600 ప్రాంతంలో కట్టించిన ఈ మహలు కప్పు మీద, 18వ శతాబ్దంలో సవాయి జైసింగ్ ఖగోళ యంత్రాలను నిర్మింపజేశాడు. ఢిల్లీ, జైపూర్ జంతర్ మంతర్‌లను చూసినవారికి ఇవి చిన్నవిగా అనిపించవచ్చు. అయితే అక్కడ లేని సౌలభ్యం ఒకటి ఇక్కడ ఉంది. నీడను బట్టి వేళ చెప్పే సామ్రాట్ యంత్రం పక్కన నిలబడి, సున్నపు మెరుగు మీద గీసిన విభాగాల వెంట నీడ అంచు కదలడాన్ని గుంపుల తొక్కిడి లేకుండా చూస్తూ ఉండవచ్చు. తల తిప్పితే కింద గంగ కనిపిస్తుంది. నది వైపు పొడుచుకువచ్చిన రాతి గవాక్షం చెక్కడపు పనిని మాత్రం కింది మెట్ల నుంచి చూస్తేనే బాగుంటుంది. టిక్కెట్టు పెట్టి చూసేవాటిలో, పెట్టిన పైకానికి ఇంత తృప్తినిచ్చేది ఈ ఊరిలో సారనాథ్ తరువాత ఇదేనని నా నమ్మకం.

ఇంకా ముందుకు వెళితే లలితా ఘాట్ మీద చెక్క పనితనంతో నేపాలీ ఆలయం, ఆ తరువాత మణికర్ణిక. రాత్రీ పగలూ చితులు ఆరని ఈ చోట పడవను దూరంగా నిలిపి, ఫోను లోపల పెట్టుకోవడం కనీస మర్యాద. అక్కడ ఉన్న ప్రతి గుంపూ ఆ రోజు ఒక మనిషిని పోగొట్టుకుని వచ్చిన కుటుంబం. గట్టు మీదికి వెళ్ళినవారిని కొందరు మేడ మీదికి తీసుకువెళ్ళి, పేదల చితి కట్టెలకు విరాళమంటూ పెద్ద మొత్తాలు అడుగుతారు. దయతో ఇచ్చేది దయకు చేరుతుందన్న భరోసా అక్కడ లేదు కనుక సున్నితంగా, కానీ గట్టిగా వద్దని చెప్పి కదలిపోవాలి. మణికర్ణికను ఆనుకుని సింధియా ఘాట్ దగ్గర పునాది కుంగి పక్కకు ఒరిగిపోయిన రత్నేశ్వర మహాదేవుడి గుడి ఉంది. ఏటా వరద దాని గర్భగుడిని ముంచిపోతున్నా, ఒరిగిన గుడి ఒరిగినట్టే నిలిచి ఉంది. పంచగంగ దగ్గర ఔరంగజేబు కాలం నాటి ఆలంగీర్ మసీదు గట్టు మీద ఎత్తున కనిపిస్తుంది. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి 1887లో ఇక్కడే దేహం చాలించిన యోగి త్రైలింగ స్వామి మఠం కూడా ఆ ఘాట్ పైనే ఉంది. తెలుగువారు తప్పకుండా మెట్లెక్కి చూడవలసిన చోటు అది.

ఇక విశ్వనాథుడి దర్శనం. ఇప్పుడున్న ఆలయాన్ని 18వ శతాబ్దం చివరి భాగంలో ఇందోర్ రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. శిఖరాల బంగారు తొడుగు పంజాబు మహారాజు రంజిత్‌సింగ్ కానుక. 1916 ఫిబ్రవరిలో గాంధీజీ హిందూ విశ్వవిద్యాలయం ప్రారంభోత్సవ సభలో మాట్లాడుతూ, ఈ ఆలయం చుట్టూ ఉన్న సందుల మురికిని ప్రస్తావించి పెద్దలందరి ముందూ నొచ్చుకున్నాడు. 2021 డిసెంబరు 13న ప్రారంభమైన కొత్త ఆవరణ వల్ల ఆలయం నుంచి గంగ దాకా విశాలమైన దారి ఏర్పడింది. చక్రాల కుర్చీలో వచ్చే పెద్దవారికి, చంటిపిల్లల తల్లులకు ఇది నిజమైన మేలు. అదే సమయంలో, ఆ దారి కోసం తీసేసిన పాత ఇళ్ళతో, సందులతో పాటు ఊరి నేతలో ఒక భాగం పోయిందన్న బాధ కూడా నాకు ఉంది. మేలూ నష్టమూ రెండూ నిజమే. పాత గల్లీ ఎలా ఉండేదో చూడాలనుకునేవారు చౌక్ నుంచి పంచగంగ వైపు నడవాలి. ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడవలసిన ఆ సందుల్లో, ఎద్దు ఎదురైతే ఇద్దరూ గడప ఎక్కవలసిందే.

గుడిలోకి ఫోన్లు, సంచులు, ఎలక్ట్రానిక్ వస్తువులు అనుమతించరు కనుక వాటిని బసలోనే వదిలి వెళ్ళడం అన్నిటికంటే మేలు. దారిలో లాకర్ ఉచితమని పిలిచే కొన్ని దుకాణాల్లో ఆ ఉచితం పూజా సామగ్రి పళ్ళెం ధరలో కలిసి ఉంటుంది. సోమవారాలు రద్దీ ఎక్కువ. మనవాళ్ళు గమనించవలసిన మరో సంగతి ఉంది. ఉత్తరాది పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి, వారి శ్రావణం మన శ్రావణం కంటే పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. మన ఆషాఢంలో గుడి ఖాళీగా ఉంటుందనుకుని బయలుదేరినవారు, కావిళ్ళు మోసుకొచ్చే లక్షల భక్తుల మధ్య ఇరుక్కుంటారు.

దశాశ్వమేధ ఘాట్‌లోని సాయంకాలపు హారతి గురించి నా మాట కొందరికి రుచించకపోవచ్చు. అర్చకుల బరువైన దీపపు సెమ్మెలు ఒకే లయలో తిరగడం కంటికి పండుగే. కానీ మంచి చోటు కోసం చాలా ముందుగా వచ్చి కూర్చోవాలి. నది మీద నుంచి చూద్దామంటే పడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి, మధ్యలో లేచి వెళ్ళడానికి దారి ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను అక్కడ రెండు గంటలు కూర్చోబెట్టే కంటే, తెల్లవారుజామున అస్సీ ఘాట్‌లో జరిగే హారతికి తీసుకువెళ్ళడం మంచిది. హారతి అయ్యాక శాస్త్రీయ సంగీతం ఉంటుంది. బిస్మిల్లా ఖాన్ గంగ ఒడ్డున సాధన చేసిన ఊరిలో, రవిశంకర్ పుట్టిన ఊరిలో, సూర్యోదయ వేళ రాగం వినడం కంటే కాశీని బాగా పరిచయం చేసే సందర్భం నాకు తెలియదు.

సారనాథ్‌కు పూర్తిగా ఒక పూట కేటాయించాలి. ఊరి నుంచి సుమారు 10 కిలోమీటర్లు. ప్యాకేజీలవాళ్ళు విమానాశ్రయానికి వెళ్ళే దారిలో అరగంట ఆపి ఫోటోలు తీయించి ఎక్కించేస్తారు. బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన చోటుకు, మన దేశపు రాజముద్రకు మూలమైన శిల్పం ఉన్న చోటుకు అది తగిన మర్యాద కాదు. ముందు మ్యూజియం చూడాలి. 1904-05 తవ్వకాల్లో బయటపడిన అశోకుడి సింహ శీర్షం ద్వారం దాటగానే ఎదురవుతుంది. ఎత్తు ఏడు అడుగులు. ముందు నుంచి చూసి వెళ్ళిపోకుండా దాని చుట్టూ మెల్లగా తిరగాలి. మన నోట్ల మీద, ప్రభుత్వ కాగితాల మీద ఉన్న బొమ్మలో చక్రానికి అటూ ఇటూ గుర్రం, ఎద్దు మాత్రమే కనబడతాయి. ఏనుగు, సింహం వెనుక వైపు ఉంటాయి. ఆ ఏనుగు కాలు ఎత్తి నడుస్తున్న తీరు, గుర్రం పరుగులో మెడ చాచిన తీరు, కిందికి వాలిన తామరరేకులు, ఇరవై రెండు శతాబ్దాలు దాటినా రాయి మీద నిలిచిన ఆ నునుపు చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. అదే మ్యూజియంలో గుప్తుల కాలపు ధర్మచక్ర ముద్ర బుద్ధుడి విగ్రహాన్ని చూసినవారు, ఆ అర్ధనిమీలిత నేత్రాల ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ సంగతి తెలియక గేటు దాకా వచ్చి వెనుదిరిగే కుటుంబాలు కనిపిస్తూనే ఉంటాయి.

బయట శిథిలాల మధ్య ధమేఖ్ స్తూపం సుమారు 43 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. దాని నడుము చుట్టూ ఉన్న రాతి పట్టీలో లతలు, రేఖల అల్లిక, మధ్యమధ్య హంసలు చెక్కి ఉన్నాయి. దీనికి జోడుగా ఉండిన ధర్మరాజిక స్తూపానికి మాత్రం పునాది వలయమే మిగిలింది. చేత్‌సింగ్ దగ్గర దివానుగా ఉన్న జగత్‌సింగ్ 1794లో ఇటుకల కోసం దాన్ని కూల్చి పట్టుకుపోయాడు. ఆ ఖాళీ వలయం పక్కన నిలబడి ధమేఖ్ వైపు చూస్తే మనకు మిగిలినదాని విలువ తెలుస్తుంది. అశోక స్తంభం మొండెం తునకలు కూడా అక్కడే, అద్దాల గదిలో భద్రంగా ఉన్నాయి. 1931లో ప్రారంభించిన మూలగంధకుటి విహారం గోడల మీద జపాన్ చిత్రకారుడు కోసెత్సు నోసు వేసిన బుద్ధ చరిత్ర చిత్రాలను కూర్చుని చూడాలి.

యాత్రికులు అంతగా పట్టించుకోని చోటు మరొకటి ఉంది. కాశీ విద్యాపీఠం ఆవరణలోని భారతమాతా మందిర్. 1936లో గాంధీజీ ప్రారంభించిన ఈ గుడిలో విగ్రహం లేదు. నేల మీద పాలరాతిలో చెక్కిన అఖండ భారతదేశపు పటమే అక్కడి మూర్తి. కటకటాల దగ్గర వంగి చూస్తే హిమాలయాలు పెద్ద పెద్ద మడతలుగా లేచి, దక్కను పీఠభూమి మెల్లగా తూర్పుకు వాలుతూ కనిపిస్తుంది. నాసిక్ దగ్గరి కొండల నుంచి గోదావరి వెంట చూపు నడుపుకుంటూ తూర్పు కనుమలను చీల్చుకుని సముద్రంలో కలిసే దాకా పిల్లలతో వేలు చూపిస్తూ వెతికించండి. బడిలో ఎన్ని పటాలు చూసినా ఆ నది అంత దూరం ప్రయాణిస్తుందని వారికి ఇక్కడే తెలుస్తుంది.

రామ్‌నగర్ కోట, హిందూ విశ్వవిద్యాలయం సమయం మిగిలితేనే చూడవలసినవి. విశ్వవిద్యాలయంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుంచి 1948 దాకా ఉపకులపతిగా ఉన్నారు. అక్కడి భారత్ కళాభవన్‌లోని సూక్ష్మచిత్రాలు చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవారిని నిరాశపరచవు. రామ్‌లీల జరిగే రోజుల్లో మాత్రం రామ్‌నగర్‌కు మొదటి స్థానం ఇవ్వాలి.

పట్టుచీరల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఆటోవాళ్ళు, గైడ్లు తమంతట తాము తీసుకువెళ్ళే దుకాణాల్లో వారి కమీషను చీర ధరలోనే ఉంటుంది. నేత పని చూడాలన్న కోరిక ఉంటే మదన్‌పురా వైపు మగ్గాల చప్పుడు వినిపించే సందుల్లోకి వెళ్ళి చూసి, ఆ తరువాత రెండు మూడు చోట్ల ధరలు పోల్చుకోవాలి. కొనేటప్పుడు చీరను తిరగేసి చూడండి. కఢువా పనిలో ఒక్కో బుటాను విడివిడిగా నేస్తారు కాబట్టి వెనుక వైపు బుటాల మధ్య వేలాడే పోగులు ఉండవు. అంత శ్రమ ఉన్న చీర చవకగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

తిండికి ఇబ్బంది లేదు. ఉదయం కచోరీ, జిలేబీ, మధ్యాహ్నం మట్టి ముంతలో లస్సీ, చలికాలంలో మాత్రమే దొరికే కుంకుమపువ్వు రంగు పాలనురగ మలయ్యో, రాత్రి పాన్ అంటూ ఊరే మనల్ని నడిపిస్తుంది. అన్నం, పప్పు లేకుండా ఉండలేనివారికి కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్ ప్రాంతాల్లో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం వంటి తెలుగు సత్రాలు ఆసరాగా ఉన్నాయి. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలనుకునే పెద్దలు ముందుగా సంప్రదించి గది ఖాయం చేసుకున్నాకే బయలుదేరాలి. గది ఎక్కడ తీసుకున్నా, వాహనం గుమ్మం దాకా వస్తుందా, లేక గోదౌలియా కూడలి నుంచి సామాను మోసుకుంటూ సందుల్లో నడవాలా అన్నది మొదట అడగాలి. నది కనబడే గదుల్లో చాలా వాటికి లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి.

1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి పరివారంతో కాశీయాత్ర చేసి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కి, నదికి అవతల ఉన్న దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొగల్‌సరాయిలో, దిగితే ఆటోలో వంతెన దాటి ఊరిలోకి వచ్చేయవచ్చు. రాకపోకలకు ఇంత తక్కువ సమయం పడుతున్నప్పుడు మిగిలిన రోజులను కాశీకే ఇవ్వడం న్యాయం.

వెళ్ళడానికి దీపావళి తరువాత నుంచి నవంబరు చివరి దాకా, మళ్ళీ ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. కార్తిక పౌర్ణమి నాటి దేవ దీపావళికి ఘాట్లన్నీ ప్రమిదలతో వెలుగుతాయి కానీ, ఆ రోజుల్లో గదుల అద్దెలు, పడవల బాడుగలు కొన్ని రెట్లు పెరుగుతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా గంగ పొంగితే మెట్లు మునిగి ఒక ఘాట్ నుంచి మరొక ఘాట్‌కు నడిచే దారి మూసుకుపోతుంది, పడవలు నిలిపివేస్తారు. కాబట్టి నేను ఇంతసేపు చెప్పిన ఉదయపు ప్రయాణం ఆ నెలల్లో కుదరదు. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు కమ్మి రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ రోజుల్లో వెళ్ళేవారు గయ పిండప్రదానానికి తిథి చూసుకుని ఉంటే, కాశీ నుంచి బయలుదేరే రైలుకూ ఆ తిథికీ మధ్య కనీసం ఒక రోజు వ్యవధి ఉండేలా టిక్కెట్లు తీసుకోవాలి.